అవ్వ గుడిసె సామాను, మన చరిత్ర

పోస్టు పెద్దదే. తీరిక ఉన్నప్పుడు చదవండి, సగంలో మాత్రం వదిలేయొద్దు.

నేను చెంచు అమ్మాయిని. మాది ఆత్మకూరు దగ్గర, నల్లమల అంచున ఉండే ఒక గూడెం. ఇప్పుడు హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. మా నాయన వేలిముద్ర, మా అమ్మ సంతకం వరకు నేర్చుకుంది.

ఫస్టియర్‌లో ఉన్నప్పుడు ఒక సారు "మీ ఊరి చరిత్ర రెండు పేజీలు రాసుకుని రండి" అన్నారు. నా పక్కన కూర్చునే అమ్మాయి కర్నూలు కొండారెడ్డి బురుజు గురించి రాసింది. ఇంకొకరు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గురించి, ఇంకొకరు నంద్యాల నవనందుల గురించి రాసినారు. నేను పేపరు మీద నా పేరు, రోల్ నంబరు రాసి కూర్చున్నా. మా గూడెంలో కోట లేదు, శాసనం లేదు, రాజు లేడు. ఏం రాయాలి? సారు తిట్టలేదు. "మీ వైపు రాసేదానికి పెద్దగా ఏముంటుందిలే" అని నవ్వి పేపరు తీసుకున్నారు. తిట్టి ఉంటే మర్చిపోయేదాన్నేమో. ఆ నవ్వు మాత్రం రెండేండ్లుగా నాతోనే ఉంది.

పోయిన సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా అవ్వ గుడిసె విప్పుతున్నారు. పక్కన స్లాబు ఇల్లు లేచింది, ఇంక దీంతో పని లేదని. లోపల సామానంతా వాకిట్లో కుప్ప పోసినారు. కొనకు ఇనుప మొన ఉన్న కట్టె ఒకటి. వెదురు బుట్టలు రెండు, అందులో ఒకదానికి అడుగు లేదు. చెట్టు నారతో పేనిన తాడు చుట్ట. మసి పట్టిన మట్టికుండ. సొట్టలు పోయిన సత్తు గిన్నె. ఎండు సొరకాయ బుర్ర. చెక్క దువ్వెన. "ఇవన్నీ పొయ్యిలోకి పెట్టేద్దామా?" అని అమ్మ అడిగింది. అవ్వ ఏం మాట్లాడలేదు. లేచి వచ్చి దువ్వెన ఒక్కటి తీసి నడుముకు చెక్కుకుని మళ్ళీ పోయి కూర్చుంది.

అప్పుడు నాకు ఆ ఖాళీ పేపరు గుర్తొచ్చింది. సారు అడిగిన చరిత్ర నా ముందర వాకిట్లో కుప్పగా పడి ఉంది. దాన్ని చదివేది నాకు ఎవరూ నేర్పలేదు, అంతే. ఆ సెలవుల్లో అవ్వ దగ్గర కూర్చుని ఒక్కొక్క వస్తువు గురించి అడిగినా. హాస్టలుకు వచ్చినాక లైబ్రరీలో కూర్చుని, అవ్వ చెప్పినదాన్ని పుస్తకాల్లో ఉన్న సంవత్సరాలతో కలిపి చూసినా. అదే ఈ పోస్టు.

మన గురించి ఎవరు రాసినారు

మన గురించి అసలు ఎవరూ రాయలేదు అనుకుంటాం గానీ అది నిజం కాదు. 1840లలోనే న్యూబోల్డ్ అనే ఇంగ్లీషు సైనికాధికారి నల్లమల చెంచుల మీద వ్యాసం రాసినాడు. 1909లో థర్‌స్టన్, రంగాచారి కలిసి తెచ్చిన ఏడు సంపుటాల దక్షిణ భారత కులాలు, తెగల పుస్తకంలో చెంచుల మీద పేజీలు ఉన్నాయి. ఆస్ట్రియా దేశస్థుడు హైమెండార్ఫ్ 1940లో అమ్రాబాద్ వైపు చెంచు పెంటల్లో ఉండి పరిశోధన చేసి, 1943లో చెంచుల మీద పెద్ద పుస్తకమే వేసినాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కృష్ణకు అవతల అమ్రాబాద్ నిజాం రాజ్యం. ఇవతల ఆత్మకూరు మద్రాసు ప్రెసిడెన్సీ. 1839లో ఇంగ్లీషువాళ్ళు కర్నూలు నవాబును దించేసినప్పటి నుంచి మనవైపు వాళ్ళ పాలన. నది ఒకటే, అడవి ఒకటే, చుట్టాలు ఒకరే, ప్రభుత్వాలు మాత్రం రెండు. 2014లో రాష్ట్రం విడిపోయినాక మళ్ళీ అదే కృష్ణ సరిహద్దు అయింది.

ఆ పుస్తకాల గురించి వినగానే ఎవరికైనా కళ్ళ ముందర కనపడేది విల్లంబు పట్టుకున్న మగమనిషే. చెంచు అంటే వేటగాడు. అహోబిలం నరసింహస్వామిని పెండ్లాడిన చెంచులక్ష్మిని సినిమాలో చూపించినా ఆమె చేతిలో బాణమే. నేను అడుగుతున్నది ఒకటే. ఆ బాణానికి ఏమీ దొరకని రోజు ఇంట్లో పొయ్యి మీద ఏముండేది?

ఇనుప మొన కట్టె

దీనికి జవాబు ఆ కట్టె. గడ్డలు తవ్వే కట్టె. నా భుజమంత ఎత్తు ఉంటుంది. పట్టుకునే చోట నున్నగా అద్దంలా అయింది, అవ్వ అరచేయి రుద్దుకుని రుద్దుకుని.

పొద్దున్నే ఆడవాళ్ళు నలుగురైదుగురు కలిసి పోయేవాళ్ళు. తీగ చూసి కింద గడ్డ ఎంత లోతుందో చెప్పేవాళ్ళు. తీగ ఎండిపోయినా సరే, చెట్టుకు చుట్టుకున్న ఎండు పోగును బట్టి గుర్తు పట్టేవాళ్ళు. గడ్డ తవ్వినాక తీగ మొదలుతో ఒక ముక్క గుంతలోనే పెట్టి మన్ను కప్పి వచ్చేవాళ్ళు. "మల్లా ఏడు మనమే కదా మే వచ్చేది" అంటుంది అవ్వ. కొన్ని గడ్డలు నిప్పుల్లో కాల్చుకుని తినొచ్చు. కొన్ని చేదు, అట్లే తింటే గొంతు పట్టేస్తుంది. వాటిని సన్నగా కోసి, బుట్టలో వేసి పారే వాగులో పెట్టి, చేదు పోయినాక ఉడకబెట్టేవాళ్ళు. హాస్టల్లో నా ఫ్రెండ్సుకు గడ్డ అంటే ఎర్రగడ్డ, తెల్లగడ్డ. అవ్వకు గడ్డ అంటే బువ్వ.

హైమెండార్ఫ్ కూడా చెంచుల తిండిలో ఎక్కువ భాగం గడ్డలు, పండ్లు, ఆకులే అని రాసినాడు. ఇది ఒక్క మన సంగతే కాదు. 1966లో అమెరికాలోని చికాగోలో "మ్యాన్ ది హంటర్" అని ఒక సదస్సు జరిగింది. పేరే "వేటగాడైన మగవాడు". ఆ సదస్సులోనే రిచర్డ్ లీ అనే పరిశోధకుడు ఆఫ్రికా కలహారి ఎడారిలో తాను చూసిన లెక్కలు చెప్పినాడు. అక్కడివాళ్ళ తిండిలో ఎక్కువ భాగం ఏరుకొచ్చినదే, అందులోనూ ఎక్కువ ఆడవాళ్ళు తెచ్చిందే. టాంజానియాలో హడ్జా అనే తెగ ఆడవాళ్ళు ఈనాటికీ మా అవ్వ కట్టె లాంటి దానితోనే గడ్డలు తవ్వుతారు. ఫోటోల్లో పడింది విల్లే అయినా, ఇంట్లో కడుపులు నింపింది ఎక్కువగా ఈ కట్టే.

ఇంకొకటి చూడండి. ఆ ఇనుప మొన ఎక్కడిది? మనోళ్ళు ఇనుము కరిగించలేదు. కింది ఊర్ల కమ్మరి కొలిమి నుంచి వచ్చింది. అవ్వ వాళ్ళ అమ్మ తేనె ఇచ్చి మొన చేయించుకుందంట. అంటే మనం ఎవరితో సంబంధం లేకుండా అడవిలో దాక్కున్న మనుషులం కాదు. కమ్మరితో, కుమ్మరితో, సంతతో ఎప్పుడూ ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. జొన్నలు, ఉప్పు, గుడ్డ కింద నుంచి వచ్చేవి. తేనె, కుంకుడుకాయలు, బుట్టలు పైనుంచి పోయేవి. "నాగరికతకు దూరంగా" అని ఎవరైనా రాస్తే ఆ ఇనుప మొన చూపించండి.

వెదురు బుట్ట

బుట్ట అల్లేది మా తాత, అవ్వ ఇద్దరూ. వెదురు అమావాస్య దినాల్లో నరికితే పురుగు పట్టదని వాళ్ళ నమ్మకం. లేత వెదురు పనికిరాదు, మరీ ముదురుదైతే వంగదు. నిలువుగా చీల్చి, లోపలి మెత్తటి భాగం తీసేసి, పై తొక్క భాగాన్ని బద్దలు చేస్తారు. అడుగు నక్షత్రంలా పరిచి, మధ్యలో కాలితో తొక్కిపట్టి అల్లుకుంటూ పోతారు. గడ్డలకు సందులున్న బుట్ట, మన్ను రాలిపోవాలి కాబట్టి. ఇప్పపువ్వుకు సందుల్లేని బుట్ట. కోళ్ళను కమ్మే గంప వేరే. అవ్వ ఒక్క చూపుతో ఇది ఎవరి చేయో చెప్పేస్తుంది.

ఈ బుట్ట వెనక 1882 అనే సంవత్సరం ఉంది. ఆ ఏడు మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద నల్లమలను రిజర్వు అడవులుగా చేసుకుంటూ పోయినారు. అప్పటిదాకా బుట్టకు వెదురు నరకడం అంటే వాకిలి ఊడ్చినంత మామూలు పని. ఆ తర్వాత అది అనుమతి అడగాల్సిన పని అయింది. తర్వాత కాలంలో అదే వెదురును కాగితం మిల్లుల కోసం కూపులు వేసి లారీలకు లారీలు కొట్టించినారు. కొట్టే కూలీల్లో మనోళ్ళూ ఉన్నారు, మా తాత కూడా. పగలు కూపులో వెదురు కొడితే కూలి. సాయంత్రం అదే అడవిలో బుట్టకని నాలుగు వెదుర్లు తెచ్చుకుంటే తప్పు. ఇది నాకు తాత నవ్వుతా చెప్పేవాడు. చిన్నప్పుడు నేనూ నవ్వేదాన్ని.

2006 అటవీ హక్కుల చట్టం వెదురును, తేనెను చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి వాటి మీద మనకు హక్కు ఉందని రాసింది. అంటే 1882లో పోయిన మాట కాగితం మీదకు మళ్ళీ రావడానికి 124 ఏండ్లు పట్టింది. అప్పటికి మా గూడెంలో బుట్ట అల్లే చేతులు వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే మిగిలినాయి.

నార తాడు

ఈ తాడు తేనెకు. పుట్టతేనె, జుంటితేనె చెట్ల తొర్రల్లో, పొదల్లో దొరుకుతాయి. వాటికి తాడు అక్కర్లేదు. పెద్దతేనె మాత్రం కొండ చరియకు పడుతుంది. పైనుంచి తాడు కట్టుకుని దిగాలి, ఒక చేత్తో పొగ, ఒక చేత్తో కట్టె.

పైన తాడు ఎవరు పట్టుకోవాలి అనేదానికి మనలో ఒక కట్టుబాటు ఉంది, మీలో చాలామంది విని ఉంటారు. సొంత అన్నదమ్ముడు పట్టుకోకూడదు, బావమరిది పట్టుకోవాలి. ఎందుకంటే బావమరిది తన అక్క తాళి తెగనివ్వడు. అన్నదమ్ముడికైతే ఎక్కడో ఆశ పుట్టొచ్చు. ఇది విని హాస్టల్లో మా రూమ్మేట్స్ పడీపడీ నవ్వినారు. నవ్వొచ్చే మాటే. కానీ ఒక మనిషి ప్రాణాన్ని ఎవరి చేతుల్లో పెట్టాలో ఇంత లోతుగా ఆలోచించినవాళ్ళను ఆలోచన లేనివాళ్ళు అని ఎట్ల అంటారు?

తేనె దించిన రోజు గూడెంలో పండగే. తుట్టె ముక్క మోదుగాకులో పెట్టి పిల్లలకు మొదట ఇస్తారు. మైనం నమిలి నమిలి దవడలు నొప్పి పుట్టేవి. మిగిలింది సొరబుర్రలో పోసి దాచేవాళ్ళు. తేనె కొనేందుకు షావుకార్లు వచ్చేవాళ్ళు, గుప్పెడు ఉప్పుకు, చారెడు జొన్నలకు. 1956లో ప్రభుత్వం గిరిజన సహకార సంస్థ పెట్టింది. తేనె, తబసు బంక, చింతపండు, నన్నారి లాంటివి నేరుగా మన దగ్గర కొనడానికి. ఇప్పుడు ఆ తేనె సీసాల్లో పట్నం అంగళ్ళలో ఉంటుంది. మొన్న కర్నూలులో ఒక సీసా చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసినా. సీసా మీద తాడు పట్టుకున్న బావమరిది బొమ్మ లేదు.

కుండ, సత్తు గిన్నె

మట్టికుండ సంతలో కొన్నది. ఇందులో అవ్వ వండినవి చెప్పమంటే ఆమె ముఖం మారిపోతుంది, చిన్నపిల్లయిపోతుంది. ఎండాకాలం మొదట్లో ఇప్పపువ్వు. తెల్లారుజామున చెట్టు కింద రాలిన పువ్వు ఏరి, ఎండబెట్టి, వేయించి దంచుకునేవాళ్ళు. కొంచెం నీళ్ళలో ఉడికిస్తే బెల్లం పాకంలా అయ్యేది. ఇప్పసారా కూడా కాసేవాళ్ళు, దాచేదేం లేదు. 1886 మద్రాసు అబ్కారీ చట్టంతో అది లైసెన్సు లేకుంటే నేరమైంది. పువ్వు మాత్రం చెట్టు కిందకు ఎప్పటిలానే రాలుతుంది.

తర్వాత మొర్రిపండ్లు, తునికిపండ్లు, నేరేడు. వానలు పోయే ముందర సీతాఫలాలు. చలికాలం ఉసిరి. చింతపండు కాలంలో ఒక వింత తిండి ఉండేది. చింతపండును చెట్టు బెరడు కాల్చిన బూడిదతో కలిపి తినేవాళ్ళు. నేను మొదట నమ్మలేదు. హైమెండార్ఫ్ కూడా అది రాసినాడని తెలిసినాక నమ్మినా. బూడిదలో క్షారం ఉంటుంది కదా, పులుపును విరుస్తుంది, కడుపు మండదు. ఇంటర్‌లో ఆమ్లం, క్షారం అని బట్టీ పట్టిన పాఠాన్ని మా ముత్తవ్వలు వంటింట్లో వాడుకున్నారు.

ఇంక సత్తు గిన్నె. దీని తేదీ నాకు బాగా దొరికింది. అవ్వకు సంవత్సరాలు తెలీవు. శ్రీశైలం డ్యాం పని నడిచేటప్పుడు పెండ్లయింది, డ్యాం అయిపోయినాక రెండేండ్లకు రేషను బియ్యం వచ్చినాయి, ఆ బియ్యం వండేదానికే ఈ గిన్నె కొన్నాం అంటుంది. డ్యాం పూర్తయింది 1981లో. ఎన్టీఆర్ రెండు రూపాయలకు కిలో బియ్యం పెట్టింది 1983లో. అవ్వ లెక్క సరిగ్గా సరిపోయింది.

అదే 1983లో ఇంకొకటి కూడా జరిగింది. నాగార్జునసాగర్ శ్రీశైలం అభయారణ్యాన్ని ప్రాజెక్టు టైగర్ కిందకు తెచ్చినారు. 1972 వన్యప్రాణి చట్టంతోనే వేట ఆగిపోయింది. ఇప్పుడు అడవి లోపలికి పోవడం, రావడం మీద కూడా చూపు పడింది. పులి బతకాలి, అందులో నాకు రెండో మాట లేదు. పులితో ఎక్కువ కాలం కలిసి బతికింది మనమే. కానీ ఆ ఒక్క ఏడాదిలో మా వంటింట్లో ఏం జరిగిందో చూడండి. ఒక పక్క అడవి తలుపు సగం మూసుకుంది, ఇంకో పక్క రేషను అంగడి తలుపు తెరుచుకుంది. కట్టె మూలకు పోయింది, గిన్నె పొయ్యి మీదకు వచ్చింది. గడ్డల పేర్లు అవ్వకు ఇరవైకి పైగా తెలుసు. అమ్మకు ఏడో ఎనిమిదో. నాకు అవ్వ దగ్గర కూర్చోకముందు రెండే తెలుసు.

చెక్క దువ్వెన

దువ్వెన గురించి అవ్వ తొందరగా చెప్పలేదు. మూడో రోజు రాత్రి, నెగడు దగ్గర చుట్ట వెలిగించుకుని చెప్పింది. పెండ్లయిన కొత్తలో తాత చెక్కి ఇచ్చినాడంట. పళ్ళు సన్నగా రావడానికి నాలుగు చెక్కలు పాడుచేసినాడంట. పైన రెండు పక్షులు ఎదురెదురుగా ఉన్నాయి. అవి పావురాలా చిలకలా అంటే "ఆయనకే తెలీదు మే, నాకేం తెలుసు" అని నవ్వింది.

శివరాత్రికి, ఉగాదికి కన్నడ భక్తులు ఆత్మకూరు మీదుగా నాగలూటి, పెచ్చెరువు దాటి, భీముని కొలను మెట్లు దిగి ఎక్కి శ్రీశైలానికి నడిచిపోతారు. ఇప్పటికీ పోతారు. శ్రీశైలానికి మెట్లు కట్టించింది 14వ శతాబ్దంలో రెడ్డి రాజు ప్రోలయ వేమారెడ్డి అని పుస్తకాల్లో ఉంటుంది. ఆ అడవి దారిలో యాత్రికులకు తోడు పోయింది మనోళ్ళు. అవ్వకు మాత్రం శివరాత్రి అంటే పూసలు. జనం వచ్చినప్పుడు పూసలమ్మేవాళ్ళూ వచ్చేవాళ్ళు. ఎర్ర పూసలు, నల్ల పూసలు కొనుక్కుని, తల దువ్వుకుని, ఆ దువ్వెనను కొప్పులోనే పెట్టుకుని, బండ మీద కూర్చుని దారిన పోయే జనాన్ని చూసేదంట. "పగలంతా చూసేదాన్ని. పని లేదా అని మా అత్త అరిచేది."

ఇది చరిత్రా అని మీరు అడగొచ్చు. నేనూ అనుకున్నా. కానీ మన గురించి రాసిన కాగితాల్లో మనం ఎప్పుడూ వేటాడుతుంటాం, ఆకలితో ఉంటాం, లేదంటే పథకం తీసుకుంటుంటాం. బండ మీద ఊరికే కూర్చుని సంతోషంగా ఉన్న చెంచు ఆడమనిషి నాకు ఆ కాగితాల్లో ఎక్కడా కనపడలేదు. అందుకని ఇక్కడ రాస్తున్నా.

అవ్వ రాయమన్నది

ఇదంతా రాసుకుని అవ్వకు చదివి వినిపించినా. చివరిదాకా విని, "తేనె రాసినావ్, పువ్వు రాసినావ్. గడ్డ దొరకని దినాలు గూడా రాయి" అనింది. అందుకే రాస్తున్నా. అవ్వకు ఇద్దరు బిడ్డలు జ్వరంతో పోయినారు, మా నాయన కంటే పెద్దవాళ్ళు. ఆస్పత్రి ఆత్మకూరులో, నడిచి పోవాలి. ఒకరిని ఎత్తుకుని పోతుంటే దారిలోనే అయిపోయింది. వానాకాలంలో వారం రోజులు వాగు దాటలేక చింతచిగురు నీళ్ళతో ఉన్న రోజులు ఉన్నాయి. ఆ కాలం బాగుండేదా అవ్వా అని అడిగితే, "కొంచెం బాగుండ్య, కొంచెం సచ్చిపోయినాం" అనింది. ఇంతకంటే సరిగ్గా నేను రాయలేను.

కాబట్టి స్లాబు ఇల్లు వద్దు, గుండ్రటి గుడిసే కావాలి అని నేను అనడం లేదు. గుడిసెలో చూరు కారేది, తేళ్ళు వచ్చేవి. కొత్త ఇంట్లో కరెంటు ఉంది, నేను రాత్రి చదువుకోవచ్చు. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్‌లో దేశంలోని 75 తెగల్లో మన చెంచులూ ఉన్నారు, ఇండ్లు వస్తే అందరం తీసుకుందాం. కానీ ఇల్లు మారేటప్పుడు కుప్ప పోసిన సామాను ఏమవుతుంది అనేది ఏ పథకంలోనూ ఉండదు. అది మనమే చూసుకోవాలి.

మీకు ఒక మాట

ఈ గ్రూపులో చెంచులే కాదు, సుగాలీలు, ఎరుకలవాళ్ళు, యానాదులు కూడా ఉన్నారు. సుగాలి అక్కలూ, మీ అమ్మ పెట్టెలో అద్దాల పేట్యా ఉందా? ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుని దేశమంతా తిరిగిన రోజులు, రైళ్ళు వచ్చి ఆ బతుకు పోయిన సంగతి అందులోనే ఉంది. ఎరుకల తమ్ముళ్ళూ, మీ ఇంటి బుట్ట అల్లికకూ మా బుట్ట అల్లికకూ తేడా ఏందో నాకు చెప్పండి.

ఇంట్లో పాత వస్తువు ఒక్కటి పట్టుకోండి. ఇది ఎవరు చేసినారు, దేంతో చేసినారు, ఎవరి దగ్గర కొన్నారు, ఎప్పుడు వాడటం మానేసినారు, ఎందుకు మానేసినారు అని అడగండి. సంవత్సరం తెలీకపోతే డ్యాం కట్టకముందా తర్వాతా, రేషను బియ్యం రాకముందా తర్వాతా అని అడగండి. తేదీలు వాటంతట అవే బయటికొస్తాయి. కానీ తొందరగా అడగండి. మా తాతను నేను అడగలేదు. ఆయన పోయి నాలుగేండ్లు.

కుప్పలో ఏదీ పొయ్యిలోకి పోలేదు. కట్టె, తాడు, కుండ కొత్త ఇంటి అటక మీద ఉన్నాయి. సత్తు గిన్నెలో కోళ్ళకు నీళ్ళు పెడుతున్నారు. దువ్వెన ఫోటో తీసుకుంటా అంటే అవ్వ ఇవ్వలేదు, అది తనదంట.

సెలవుల చివరి నాలుగు రోజులు అవ్వ దగ్గర బుట్ట అల్లడం నేర్చుకున్నా. వేళ్ళు తెగినాయి. "నీకెందుకు మే, నువ్వు పెన్ను పట్టుకునేదానివి" అని అమ్మ అరిచింది. అవ్వ మాత్రం తప్పు అల్లిన ప్రతిసారీ విప్పించి మళ్ళీ అల్లించింది. బుట్ట ఒక పక్కకు వంగింది, నేల మీద పెడితే ఊగుతుంది. దాన్ని అమ్మ కొత్త వంటింట్లో పెట్టి ఎర్రగడ్డలు పోసుకుంది.